దిబ్బరొట్టెల లక్ష్మీనరసమ్మ రాయించిన రెండు అర్జీలు

మామిడిగెడ్డ నగర పంచాయతీలో ఏ పార్టీ ఏ రోజున ఎవరి వైపు చెయ్యెత్తిందో తెలుసుకోవాలంటే ఆఫీసు చుట్టూ నెల్లాళ్లు తిరగనక్కర్లేదు. ఆఫీసుకి ఎదురుగా, సాలూరు రోడ్డు వారన ఉన్న లక్ష్మీనరసమ్మ హోటల్లోకి వెళ్లి, ఒక దిబ్బరొట్టె చెప్పి, అది కాలేలోగా గోడ మీది క్యాలెండర్లు తిరగేస్తే సరిపోతుంది. పద్నాలుగేళ్ల క్యాలెండర్లు ఒకే మేకుకి ఒకదాని మీద ఒకటి వేలాడుతుంటాయి. కౌన్సిల్ సమావేశం జరిగిన ప్రతి తేదీ గడిలోనూ ఆవిడ గుర్తులుంటాయి. గొడుగు పార్టీ వాళ్లు వ్యాపారస్తులకి మేలు చేసే వైపు చెయ్యెత్తితే ఒక సున్నం చుక్క. గంట పార్టీ వాళ్లు ఎత్తితే ఒక బొగ్గు చుక్క. ఎవరూ ఎత్తకపోతే గడి చుట్టూ ఒట్టి సున్నా. సున్నాలకి మాత్రం కొదవలేదు.

సమావేశాలకి టీ, టిఫినూ ఆవిడ హోటల్ నుంచే వెళతాయి. టీ కెటిల్ ఇంకెవరి చేతికీ ఇవ్వదు, తనే పట్టుకెళుతుంది. గ్లాసులన్నీ నింపేశాక కూడా తలుపు దగ్గర నిలబడి, లేచిన చేతులు దిగేదాకా అక్కడి నుంచి కదలదు. ఇంకా ఉన్నావేమిటని ఎవరైనా అడిగితే ఖాళీ గ్లాసులు తీసుకెళ్లడానికంటుంది. ఆ గ్లాసుల్ని నిజంగానే తీసుకెళుతుంది కాబట్టి అది అబద్ధమని అనలేం.

ఐదో తరగతితో బడి మానేసిన మనిషైనా, రాజకీయం గురించి ఆవిడ చెప్పే మాట ముందు కాలేజీ లెక్చరర్లు కూడా రొట్టె నమలడం ఆపి వింటారు.

"కుర్సీల ఉన్నోలు లైసెన్సు ఫీజు పెంచుతారు. కింద కూకున్నోలు సిన్న యాపారస్తుడి కడుపు కొడతన్నారని అరుస్తారు. ఐదేళ్లకి కుర్సీలు మారతాయి. ఆలు అరిసింది ఈలు అరుస్తారు. గొంతు సవరించుకోడం కూడా అలగే ఉంటాది."

ఇది ఆవిడ కల్పన కాదు. మినిట్స్ పుస్తకం రాసే సీనియర్ గుమాస్తా కూర్మనాథం కూడా అదే అంటాడు. గుడి కొలువు చేసిన ఇంట్లో పుట్టి ఆఫీసు కొలువులో పడ్డ మనిషి ఆయన. పేర్లు మార్చుకుంటే పాత పుస్తకాన్నే మళ్లీ నకలు తీసుకోవచ్చనీ, కొత్త పుస్తకం కొనడం సర్కారు సొమ్ము దుబారా అనీ, పొద్దుటి టీ దగ్గర గొంతు తగ్గించి చెబుతుంటాడు. వారపు సంతకి రేకుల షెడ్డు వెయ్యాలన్న తీర్మానానికి మాత్రం రెండు పార్టీలూ మూడుసార్లు చేతులెత్తాయి. మూడు గడుల్లోనూ సున్నం, బొగ్గు పక్కపక్కనే ఉన్నాయి. సంతలో ఉల్లిపాయలవాళ్లు ఇప్పటికీ వర్షానికి గోనెసంచులే కప్పుకుంటున్నారు.

ఇంత తెలిసిన మనిషి తన జాగ్రత్త తాను చూసుకోకుండా ఉంటుందా. తమ్ముడు చినబాబుని గంట పార్టీలోకి తోసింది. బావగారి కొడుకు మోహనకృష్ణ చేత గొడుగు పార్టీ కండువా కప్పించింది. ఇద్దరూ చెరో వార్డులో గెలిచి కౌన్సిలర్లయ్యారు. ఇద్దరికీ పెట్టినది ఒకే చేతి రొట్టె, ఇద్దరికీ చేసినది ఒకే ప్రచారం. పొద్దున్న తమ్ముడి వెనక, సాయంత్రం బావగారి కొడుకు వెనక ఇల్లిల్లూ తిరిగింది. ఏ పార్టీ కుర్చీ ఎక్కినా కుర్చీ కోళ్ల దగ్గర తన మనిషి ఒకడుంటాడని ఆవిడ ధీమా. భర్త భాస్కర్ సాలూరు లారీల మీద రాయపూర్ దాకా తిరిగే డ్రైవరు. పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చి, ఇంట్లో ఏ జెండా కనబడితే దానికి దణ్ణం పెట్టి నిద్రపోతాడు.

ఇక ఆ రొట్టె సంగతి. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, అరంగుళం నూనె కాగిన మందపాటి మూకుడులో పోస్తుంది. కింద కట్టెల మంట, మూత మీద నిప్పులు. అడుగు ఎర్రగా పెళుసెక్కి, లోపల దూదిలా ఉడకాలంటే అరగంట పడుతుంది. మూడు మూకుళ్ల పొయ్యి హోటల్ లోపల కాదు, బయట కాలువ మీది పలక మీదుంటుంది. లోపల పెడితే పొగకి తినేవాళ్లు ఏడుస్తారు. బయటుంటే ఆ మినప వాసన విజయనగరం బస్సు కిటికీల్లోంచి లోపలికి పోయి, మామిడిగెడ్డలో దిగే పని లేనివాడిని కూడా దింపుతుంది. ఆ పొయ్యి మీదే ఆవిడ కూతురు విశాలిని నర్సింగ్ చదివించింది, ఆ పొయ్యి మీదే ఇంటికి స్లాబు వేసింది. పొయ్యిని చూసి ఎవరైనా మాటంటే ఊరుకునే మనిషి కాదు.

నాలుగేళ్ల కిందట ఆ పొయ్యికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, దేముడమ్మ ఇడ్లీ బండి వచ్చి ఆగింది.

దేముడమ్మ బొండపల్లి వైపు మనిషి. మొగుడు పోయాక, రెండెకరాల మెట్ట మరుదులు దున్నుకుంటుంటే, ఒక తోపుడు బండి, గ్యాసు పొయ్యి, ఇడ్లీ పాత్ర వెంటబెట్టుకుని వచ్చింది. నోరు మెత్తన, చెయ్యి వేగం. అరనిమిషంలో రెండు ఇడ్లీలు ఆకులో పడతాయి. లక్ష్మీనరసమ్మకి మూకుడు మూత తీసినప్పుడల్లా ఆ బండి దగ్గర నిలబడ్డ జనమే కనిపించేవారు. వాళ్లలో సగం మంది తన రొట్టెకి చెప్పి వెళ్లినవాళ్లే అన్న సంగతి మాత్రం ఆవిడ కంట్లో పడలేదు. కోపంగా చూసే కంటికి జనం కనబడతారు గానీ మొహాలు కనబడవు కదా.

ఆరు నెలలు పళ్లు నూరి, ఒకరోజు పొద్దున్న కూర్మనాథం ముందు తెల్లకాగితం పెట్టింది.

"పంతులుగారూ, ఒక అర్జీ రాయండి. రోడ్డు మీద యాపారం ఎత్తించీమని."

కూర్మనాథం కలం మూత తీసి, అలవాటు ప్రకారం సందేహం అడిగాడు. "రోడ్డు మీద బండి అని రాయమంటారా అమ్మా, రోడ్డు మీద పొయ్యి అని రాయమంటారా?"

లక్ష్మీనరసమ్మ తెలివంతా ఇక్కడే బయటపడింది. "బండి అంటే సక్రాలు తీసీసి ఇది బండి కాదంటాది. పొయ్యి అని రాయండి. పొయ్యి లేకండా ఇడ్లీ ఎలగ ఒండుతాదో నానూ సూస్తాను."

కూర్మనాథం ఒకసారి వాకిట్లో ఎర్రగా కాలుతున్న ఆవిడ పొయ్యి వైపు చూశాడు. చెబుదామనుకున్నాడు. ఇంతలో రొట్టె వచ్చింది. రోడ్డు అంచున గానీ, కాలువ మీద గానీ పొయ్యి పెట్టి వ్యాపారం చేసే వారందరినీ తొలగించవలెనని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాడు. కింద లక్ష్మీనరసమ్మ సంతకం. అసలు కాగితం ఆఫీసుకి, ఒక నకలు చినబాబుకి, ఇంకొకటి మోహనకృష్ణకి అందాయి. ఇద్దరూ తప్పకుండా చూస్తామన్నారు. తప్పకుండా చూస్తామంటే ఏమిటో ఆవిడకి తెలుసు గనక, మూడేళ్లు గడిచేసరికి ఆ సంగతే మరిచిపోయింది.

ఈ ఏడాది వర్షాలు వెనకబట్టాక, శుభ్రమైన వీధులున్న పట్టణాలకి ప్రత్యేక నిధులిస్తారన్న కబురు పైనుంచి వచ్చింది. ఒక వీధిని ఎంచుకుని, అక్కడ వ్యాపారాలకి నిబంధనలు పెట్టి, కౌన్సిల్లో తీర్మానం చెయ్యాలి. ఆ తీర్మానానికి ప్రజల నుంచి వచ్చిన వినతి ఒకటి జతపరచాలి. ఆఫీసంతా గాలిస్తే అలాంటి వినతి ఒకే ఒక్కటి దొరికింది.

కుర్చీలో ఉన్న గొడుగు పార్టీ తీర్మానం ప్రతిపాదించింది. గంట పార్టీ అడ్డు పడుతుందని అందరూ అనుకున్నారు. కానీ ఈ వినతిని మూడేళ్ల కిందటే అందుకున్నది మేమేననీ, ప్రజల గొంతు ముందు విన్నది మేమేననీ గంట పార్టీ ప్రకటించింది. అడ్డు పడితే ఆ గొంతు గొడుగు పార్టీ ఖాతాలో పడిపోతుంది మరి. ఆ విధంగా, సంత షెడ్డు సంగతి వదిలేస్తే పద్నాలుగేళ్లలో మొదటిసారి, లైసెన్సు ఫీజు దగ్గర, కొట్లు మూసే వేళల దగ్గర, బోర్డుల పన్ను దగ్గర ఎన్నడూ కలవని రెండు పార్టీలు లక్ష్మీనరసమ్మ కోరిక తీర్చడానికి ఒక్కటయ్యాయి.

ఆ కబురు కూడా కూర్మనాథమే తెచ్చాడు. పొయ్యికి కాస్త దూరంగా నిలబడి ముసాయిదా చదివి వినిపించాడు. రోడ్డు అంచున గానీ, కాలువ మీద గానీ అన్నచోట ఆగి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఏటి పంతులుగారూ, కాలవ మీదంటే? నా పొయ్యి కూడానా?"

"మీరు చెప్పినట్టే రాశానమ్మా."

"నాను సెప్పింది దాని పొయ్యి గురించి."

"కాగితానికి అది తెలీదు కదమ్మా," అన్నాడు కూర్మనాథం, నిజంగా బాధపడుతూనే.

ఆ పూట ఒక మూకుడు మాడింది. పద్నాలుగేళ్లలో రొట్టె మాడడం అదే మొదలు.

మర్నాడు తమ్ముడినీ, మోహనకృష్ణనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. బయట ఒకరినొకరు పలకరించుకోని వాళ్లిద్దరూ ఆ హోటల్లో మాత్రం ఒకే గిన్నెలో అల్లం చట్నీ అద్దుకుంటారు.

"అప్పా, పార్టీ నిర్ణయం అయిపోయినాది. నా ఒక్కడి సేతిల లేదు," అన్నాడు చినబాబు అక్కతో.

"మాదీ అంతే పిన్నీ. పైనుంచి సెప్పీసినారు," అన్నాడు మోహనకృష్ణ.

"అయితే మీ ఇద్దర్నీ చెరో పక్కన ఎందుకు కూకోబెట్టినాన్రా నాను? ఒకడు ఔనంటే ఒకడు కాదంటారని కదా. ఇద్దరూ ఔనంటే నాకేటి లాభం?"

ఇద్దరూ రొట్టె వైపు చూశారు. చివరికి ఉపాయం మోహనకృష్ణకే తట్టింది. లైసెన్సు ఉండి, పక్కా గది ఉన్న హోటళ్లకి మినహాయింపు అని ఒక్క ముక్క చేరిస్తే చాలు. పిన్ని పొయ్యి నిలుస్తుంది, బండ్లు పోతాయి, నిధులు వస్తాయి. చినబాబు దానికి వెంటనే తలూపాడు. వాళ్లిద్దరూ ఒకే మాట మీద తలూపడం ఆ గోడల మధ్య మొదటిసారి జరిగింది.

లక్ష్మీనరసమ్మకి ప్రాణం లేచొచ్చింది. తను కోరుకున్నది అదే కదా, మొదటి రోజు నుంచీ. ఇద్దరికీ బెల్లం పానకం పోసి ఇంకో రొట్టె వేసింది.

తీర్మానం నోటీసు ఆఫీసు గోడ మీద అంటించారు. సమావేశం పది రోజుల్లో. నోటీసు చదివించుకున్న మర్నాడు దేముడమ్మ రాలేదు. సాలూరులో లారీల షెడ్ల దగ్గర చోటు దొరుకుతుందేమో చూసుకోవడానికి వెళ్లిందని ఎవరో చెప్పారు. గొలుసుతో కట్టిన బండి ఒక్కటీ కరెంటు స్తంభం పక్కన మూసుకుని ఉంది.

లక్ష్మీనరసమ్మ ఆ రోజు రెండు కేజీల పప్పు ఎక్కువ రుబ్బింది. బండి దగ్గర ఆగే జనమంతా ఇటే వస్తారని లెక్క. నిజంగానే వచ్చారు. మూడు మూకుళ్ల మీదా రొట్టెలు కాలుతున్నాయి. ఎంతసేపంటే అరగంట అంది. వచ్చినవాళ్లు ఎదురుగా మూసి ఉన్న బండి వైపు చూశారు. గడియారం వైపు చూశారు. ఒక్కొక్కరే జారుకున్నారు. ఇద్దరు మాత్రం మళ్లీ వస్తామన్నారు, రాలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు రొట్టెలు చల్లారిపోయి సాయంత్రం దాకా పళ్లెంలో ఉండిపోయాయి. నాలుగో రోజు పశువుల ఆసుపత్రి కాంపౌండరు నరసింగరావు వచ్చాడు. పద్నాలుగేళ్ల ఖాతాదారు, నోరు దాచుకునే రకం కాదు.

"దేముడమ్మ ఇంకా రాలేదేటి?" అన్నాడు.

"నీకు దానితో ఏటి పని? రొట్టెకి కదా వచ్చినావు."

"రొట్టెకే వచ్చినాను. కానీ ఒట్టి కడుపుతో అరగంట ఎవుడు కూకుంటాడమ్మా? ఎదర రెండిడ్లీలు ఏసుకుని, నీ రొట్టె అయ్యేదాకా పేపరు సదువుకునీవోడిని. అందరమూ అంతే. అది లేకపోతే నీ రొట్టె కోసం కాసుకోడానికి కుదరదు." చెప్పాల్సింది చెప్పి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

లక్ష్మీనరసమ్మ మూకుడు మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాలుగేళ్లుగా ఆ బండి దగ్గర చూసిన మొహాలన్నీ ఇప్పుడొకటొకటే గుర్తుకొచ్చాయి. బ్యాంకు అటెండరు. ఎరువుల కొట్టు గుమాస్తా. బస్సు కండక్టరు. అందరూ ఇటు రొట్టెకి చెప్పి అటు వెళ్లినవాళ్లే. దేముడమ్మ వచ్చిన ఏడాదే రెండు మూకుళ్ల పొయ్యి మూడు మూకుళ్లదయింది. అప్పట్లో అదంతా తన చేతి రుచి మహిమ అనుకుంది. చేతి రుచిలో లోపం లేదు గానీ, ఆకలిని అరగంట ఆపగలిగినది అవతలి ఇడ్లీ అని ఒప్పుకోవడం ఆవిడకి మింగుడు పడలేదు. సిగ్గేసింది. ఎవరూ చూడకుండా కళ్లొత్తుకుని, అది పొగ వల్ల అనుకుంది, కాకపోయినా.

ఐదో రోజు పొద్దున్నే దేముడమ్మ వచ్చి బండి గొలుసు విప్పుతోంది. లక్ష్మీనరసమ్మ రోడ్డు దాటింది. ఆ బండి వైపుకి ఆవిడ రోడ్డు దాటడం నాలుగేళ్లలో అదే మొదటిసారి.

"ఏటే, బండి పట్టుకుపోతన్నావా?"

"ఎల్లిపోతాను వొదినా. సాలూర్ల సోటు సూసినాను. అంత బాగునేదు. లారీలోలు ఏ రోజుంటారో ఏ రోజుండరో. అయినా తప్పదు గదా."

"ఆ అర్జీ..." అని లక్ష్మీనరసమ్మ మొదలుపెట్టి ఆగిపోయింది.

"నువ్వు రాయించిందే. తెల్సు," అంది దేముడమ్మ. గొంతులో నిష్ఠూరం లేదు, మామూలుగా అంది. "పంతులుగారు రాసినప్పుడు సిల్లర కోసరమని నీ కొట్టు గుమ్మంల నిలబడున్నాను. మొత్తం ఇన్నాను."

"ఇని కూడా ఇన్నాల్లూ ఇక్కడే ఉన్నావా?"

"నీ రొట్టి కోసం జనం వస్తారు. ఆ జనానికి ఆకలేస్తాది. నాకింకెక్కడ దొరుకుతాది అలాటి బేరం? నీకు కోపం ఉంటే ఉన్నాది, నీ రొట్టికి లేదు కదా. కాసుకోలేక ఎల్లిపోతామన్నోలకి, ఇంకో పది నిమిసాలే, అయిపోతాది అని సెప్పి ఆపీదాన్ని."

లక్ష్మీనరసమ్మ గొలుసు కొస అందుకుని దేముడమ్మ చేతిలో పెట్టింది. "గొలుసు మల్లీ కట్టీ. నాలుగు రోజులాగు," అని గట్టిగా చెప్పి, తిరిగి రోడ్డు దాటింది. లారీ ఒకటి హారన్ కొట్టినా వినిపించుకోలేదు.

ఆ మధ్యాహ్నం కూర్మనాథం ముందు మళ్లీ తెల్లకాగితం ప్రత్యక్షమైంది.

"పాత అర్జీ ఎనక్కి ఇచ్చీండి పంతులుగారూ."

"ఇన్‌వార్డు నంబరు పడిన కాగితం వెనక్కి రాదమ్మా. దాన్ని ఉపసంహరించుకుంటున్నానని ఇంకో అర్జీ పెట్టాలి. కారణం రాయాలి. దాన్ని సమావేశంలో చదవాలి."

"అందరి ముందూనా?"

"అందరి ముందూ."

ఆవిడ కాగితాన్ని ఆయన ముందుకి జరిపింది. "రాతల తప్పు పడిందని రాయండి."

"నా రాతలోనా అమ్మా?" అన్నాడు కూర్మనాథం. ముప్పయ్యేళ్లలో కొట్టివేత లేకుండా రాసిన మనిషి ముఖం చిన్నబోయింది.

"పోనీ, నాకు ఒంట్ల బాగునేదని రాయండి."

"మీ ఒంటికీ దేముడమ్మ పొయ్యికీ సంబంధమేమిటని అడుగుతారు."

లక్ష్మీనరసమ్మ పొయ్యి వైపు చూసింది, అవతలి బండి వైపు చూసింది, క్యాలెండర్ల వైపు చూసింది. పద్నాలుగేళ్లుగా ఎవరు ఎప్పుడు మాట మార్చారో చుక్కలు పెట్టి మరీ దాచిన మనిషి. ఇప్పుడు మాట మార్చేది తనే. "సరే, ఉన్నది ఉన్నట్టు సెప్తాను. మీరేటి దిద్దకండి," అని మొదలుపెట్టింది. కూర్మనాథం యాస మార్చాడు గానీ మాటలు దిద్దలేదు. రాస్తూ రాస్తూ ఒకచోట మాత్రం కలం ఆపి, మళ్లీ రాశాడు.

అర్జీ ఒక్కటీ చాలదని ఆవిడకి తెలుసు. మినహాయింపు ముక్క తన పొయ్యికి మాత్రమే. పార్టీల నిర్ణయం అయిపోయింది. అడ్డుపడమని అడిగితే ఇద్దరూ ఆకాశం వైపు చూపిస్తారు. అందుకని అడగలేదు. క్యాలెండర్లు నేర్పిన విద్యని వాడింది.

సమావేశం రోజు పొద్దున్న చినబాబు వస్తే, రొట్టె వడ్డిస్తూ మాట జారినట్టుగా జార్చింది. "మోహనకృష్ణ ఇయ్యాల సవరణ పెడతన్నాడటరా. కాలవకి రోడ్డు పక్కన సున్నం గీత గీసి, గీత దాటి రోడ్డు మీదికి రాని పొయ్యిలన్నీ ఉండొచ్చని. బండ్లకీ, హోటల్లకీ ఒకటే రూలట. రోడ్డు మీదోలంతా ఆలికే జై కొడతారంటన్నారు."

చినబాబు నోట్లోది నమలకుండా మింగేశాడు.

పావుగంట తర్వాత మోహనకృష్ణ వచ్చాడు. అతనికీ అదే రొట్టె, అదే మాట. పేరు మాత్రం చినబాబుది.

రెండూ అబద్ధాలే. కానీ పదకొండు గంటలకి రెండూ నిజమయ్యాయి.

హాల్లో ఇరవై మంది సభ్యులు. లక్ష్మీనరసమ్మ టీ పోస్తోంది. ఆ రోజు టిఫిన్ ఇడ్లీ. పొయ్యి సరిగా మండలేదనీ, రొట్టెకి బదులు దేముడమ్మ ఇడ్లీలు తెప్పించాననీ ఛైర్‌పర్సన్‌కి ముందే చెప్పేసింది. అందుచేత ఇడ్లీ పాత్ర మోసుకొచ్చిన దేముడమ్మ కూడా తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఏడో అంశం వచ్చింది. కూర్మనాథం లేచి, జతపరిచిన వినతిని అర్జీదారు ఉపసంహరించుకుంటున్నారంటూ రెండో కాగితం చదివాడు.

"మూడేళ్ల కిందట నేను పెట్టిన అర్జీ దేముడమ్మ మీద కడుపుమంటతో పెట్టినది. రోడ్డు బాగు కోసం కాదు. ఆవిడ బండి వల్ల నా బేరం పోతోందనుకున్నాను. ఆవిడ నాలుగు రోజులు రాకపోతే నా బేరమే పోయింది. నా రొట్టెకి అరగంట పడుతుంది. ఆ అరగంటా జనాన్ని ఆపింది ఆవిడ. నేను రాయించిన సంగతి తెలిసి కూడా ఆపింది. నా పొయ్యి ఒక్కటే ఉంచి ఆవిడ పొయ్యి తీసేస్తే నాకొద్దు. ఉంచితే రెండూ ఉంచండి. తీస్తే రెండూ తీసెయ్యండి. ఇట్లు, తప్పు తెలుసుకున్న లక్ష్మీనరసమ్మ."

లక్ష్మీనరసమ్మ కెటిల్ వంచుతూనే ఉంది, గ్లాసు నిండి సాసరులోకి పోతున్నా. తలుపు వైపు మాత్రం చూడలేదు. ఎవరో వెనక బెంచీలో నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశారు.

"దీని మీద..." అని ఛైర్‌పర్సన్ నోరు తెరిచేలోగా చినబాబు లేచాడు. అదే క్షణంలో మోహనకృష్ణా లేచాడు. అధ్యక్షా అన్న మాట ఇద్దరి నోటి నుంచీ ఒక్కసారే వచ్చింది. సున్నం గీత, కాలువకి రోడ్డు వైపున, అందరికీ ఒకటే రూలు. ఎవరు ముందు ప్రతిపాదించారన్న దాని మీద ఇరవై నిమిషాలు గొడవైంది. అసలు రూలు మీద అర నిమిషం కూడా కాలేదు. గొడుగు పార్టీ వాళ్లు గంట పార్టీకి పేరు పోతుందేమోనని చేతులెత్తారు. గంట పార్టీ వాళ్లు గొడుగు పార్టీకి పోతుందేమోనని ఎత్తారు. ఇరవై చేతులూ పైకి లేచాయి. ప్రతిపాదకుల పేర్లు పక్కపక్కనే ఒకే వరసలో రాసి కూర్మనాథం గండం గట్టెక్కించాడు.

మర్నాటికల్లా రోడ్డు మీద రెండు ఫ్లెక్సీలు లేచాయి. చిన్న వ్యాపారుల పొయ్యి కాపాడింది మేమేనని రెండింటి మీదా ఉంది. దండం పెట్టే చేతులు కూడా ఒకే షాపులో ప్రింటైనవి.

కానీ అంతకు ముందు, హాల్లోంచి బయటికి వచ్చేటప్పుడు, ఖాళీ ఇడ్లీ పాత్ర ఒకవైపు దేముడమ్మ, ఒకవైపు లక్ష్మీనరసమ్మ పట్టుకున్నారు. అలాగే మెట్లు దిగారు.

"అంత పొడుగు రాయించక్కర్నేదు వొదినా," అంది దేముడమ్మ, ఎటో చూస్తూ.

"పంతులుగారు పొడుగు సేసీసినారు," అంది లక్ష్మీనరసమ్మ. కాగితం మీద ఆయన ఒక్క మాట కూడా కలపలేదు.

ఆ సాయంత్రం క్యాలెండర్లో ఒక సున్నం చుక్క, ఒక బొగ్గు చుక్క పెట్టింది. వేలు తుడుచుకోబోయి ఆగి, పిండి గిన్నెలో ముంచి మూడో చుక్క పెట్టింది. అదేమిటని నరసింగరావు అడిగితే, అది పార్టీ కాదులే అంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి విజయనగరం బస్సు ఆగింది. పంచాయతీ వాళ్లు అప్పటికే రోడ్డుకి రెండు వైపులా కాలువ వెంట సున్నం గీత గీసి వెళ్లారు. ఇవతల మూడు మూకుళ్లు గీతకి లోపల, అవతల బండి గీతకి లోపల. బస్సులోంచి దిగిన కొత్త మనిషి ఒకడు వాసన పట్టుకుని వచ్చి, రొట్టె ఎంతసేపవుతుందని అడిగాడు.

"అరగంట పడతాది బాబూ," అంది లక్ష్మీనరసమ్మ. ఆ మాట తర్వాత నాలుగేళ్లుగా కూర్చోమని కుర్చీ చూపించేది. ఈసారి చేతిలో ఉన్న అట్లకాడతో రోడ్డు అవతలకి చూపించింది. అవతల దేముడమ్మకి వినబడేలా, కాస్త గొంతు పెంచి మరీ అంది. "ఈలోగా ఎదరకెల్లి రెండిడ్లీలు తిను. బాగుంటాయి."